పూటకూళ్ళ ఇల్లు పాఠశాల అయిన వైనం: స్పానిష్ వేసవి చదువుల చరిత్ర

వేసవి సెలవుల్లో స్పెయిన్‌కో మెక్సికోకో వెళ్ళి, అక్కడి ఒక కుటుంబంతో కలిసి ఉంటూ, పొద్దుట బడిలో వ్యాకరణమూ తక్కిన వేళల్లో ఆ ఇంటివారి మాటల ద్వారా స్పానిష్ భాషా నేర్చుకోవడం అమెరికా, ఐరోపా విద్యార్థులకు ఇప్పుడు మామూలు విషయం. ఇంట్లో బస లేనిదే భాష పట్టుబడదని భాషాపాఠశాలలు గట్టిగా చెప్పుకుంటాయి గనుక ఈ పద్ధతి మొదటినుంచీ ఇలాగే ఉండేదని తోచవచ్చు. నిజానికి మాడ్రిడ్‌లో విదేశీయుల వేసవి తరగతులకు నీడనిచ్చిన సంస్థ పుట్టిందే విద్యార్థులను అద్దె ఇళ్ళ నుంచి తప్పించడానికి.

పందొమ్మిదో శతాబ్దంలో చదువు కోసం మాడ్రిడ్ చేరిన యువకుడికి దిక్కు ‘కాసా దె ఉయెస్పెదెస్’, అంటే గదీ భోజనమూ కలిపి ఇంతని పుచ్చుకొనే పూటకూళ్ళ ఇల్లు. దాన్ని నడిపే స్త్రీని ‘పత్రోనా’ అనేవారు. భర్త పోయిన, లేదా ఇంటి రాబడి చాలని మధ్యతరగతి స్త్రీకి అందుబాటులో ఉన్న కొద్దిపాటి జీవనాధారాల్లో ఇదొకటి. కన్యాశుల్కంలోని పూటకూళ్ళమ్మను ఎరిగిన తెలుగు పాఠకుడికి ఈ పత్రోనా మరీ కొత్త మనిషి కాదు. బెనీతో పెరెస్ గల్దోస్ 1883లో వెలువరించిన ‘ఎల్ దొక్తోర్ సెంతేనో’ నవలలో ఇలాంటి ఇంటినీ అందులోని విద్యార్థుల గోలనూ విస్తారంగా చిత్రించాడు. సంస్కరణవాదులకు మాత్రం ఈ ఇళ్ళలో ఆరోగ్యమూ క్రమశిక్షణా రెండూ లోపించినట్లు కనిపించాయి. ఉన్నత విద్యను, పరిశోధనను ప్రోత్సహించడానికి ప్రభుత్వం 1907లో ఏర్పరచిన ‘హుంతా’ అనే మండలి, నోబెల్ గ్రహీత సాంతియాగో రమోన్ ఇ కహాల్ అధ్యక్షతన, 1910లో ‘రెసిదెన్సియా దె ఎస్తుదియాంతెస్’ అనే విద్యార్థి వసతిగృహాన్ని నెలకొల్పింది. తరువాతి కాలంలో కవి లోర్కా, చిత్రకారుడు దలీ, సినీదర్శకుడు బున్యుయెల్ నివసించిన చోటుగా దీనికి పేరు వచ్చింది గాని, మొదట అది పత్రోనా ఇంటికి పోటీగా పెట్టిన ఇల్లు.

విదేశీయులకు స్పానిష్ వేసవి చదువులు అంతకు కొద్దిగా ముందే మొదలయ్యాయి. ఫ్రాన్స్‌లోని తులూజ్ ఆచార్యుడు ఎర్నెస్ట్ మెరిమే చొరవతో 1908లో బుర్గోస్ పట్టణంలో తరగతులు నడిచాయి. 1912లో రామోన్ మెనెందెస్ పిదాల్ నడిపే చారిత్రకాధ్యయన కేంద్రం మాడ్రిడ్‌లో, ఆ వసతిగృహం నీడలోనే, ఇలాంటివే ఆరంభించింది. వాటికి వచ్చినవారిలో చాలామంది తమ దేశాల్లో స్పానిష్ బోధించే ఉపాధ్యాయులు గనుక, సాహిత్య చరిత్ర, కళలు, ధ్వనిశాస్త్రం మీద ఉపన్యాసాలే అక్కడ ప్రధానం. ఆ కేంద్రంలోని తొమాస్ నవార్రో తొమాస్ 1918లో ప్రచురించిన ఉచ్చారణ గ్రంథం విదేశాల్లో స్పానిష్ నేర్పేవారికి చాలాకాలం ప్రామాణికంగా నిలిచింది. మొదటి ప్రపంచయుద్ధ సమయంలో అమెరికా బడుల్లో జర్మన్ భాష పలుకుబడి కోల్పోయి, ఆ ఖాళీలో స్పానిష్ పెరగడంతో, 1917లో అక్కడ స్పానిష్ ఉపాధ్యాయుల సంఘం ఏర్పడింది. అట్లాంటిక్ దాటి వచ్చే వేసవి విద్యార్థులకూ కొరత లేకపోయింది. 1932 వేసవిలో అలా వచ్చిన ఒక అమెరికన్ అధ్యాపకురాలిని ప్రేమించిన కవి పెద్రో సాలీనాస్ మరుసటి ఏడాదే ఒక ప్రసిద్ధ ప్రేమకావ్యం వెలువరించాడు. వేసవి తరగతుల ఫలితాల్లో దీన్నీ లెక్కించక తప్పదు. 1936 జులైలో మొదలైన అంతర్యుద్ధం ఈ వ్యవస్థనంతా చెదరగొట్టింది. సాలీనాస్, నవార్రో తొమాస్ ఇద్దరూ అమెరికాలో ప్రవాసులయ్యారు.

కుటుంబంతో బస భాష నేర్పే సాధనం కూడా అవుతుందన్న ఆలోచనకు బలం చేకూర్చినవారు వేరే ఉన్నారు. అమెరికాకు చెందిన డొనాల్డ్ వాట్ 1932లో వివిధ దేశాల బాలురను స్విట్జర్లాండ్‌లో ఒక శిబిరంలో చేర్చి చూసి, తరువాతి ఏళ్ళలో శిబిరం స్థానంలో కుటుంబాలతో నివాసాన్ని ప్రవేశపెట్టాడు. అతిథిగా కాక ఇంటి పిల్లవాడిగా మెలగాలన్నది ఆయన నియమం. ఐరోపా యుద్ధంలో మునిగినప్పుడు స్పానిష్ విద్యార్థులకు సహజంగానే మెక్సికో మిగిలింది. హొసే వాస్కొన్‌సెలోస్ అధిపతిగా ఉన్న కాలంలో, 1921లో, అక్కడి జాతీయ విశ్వవిద్యాలయం విదేశీయుల కోసం వేసవి పాఠశాల తెరిచి ఉంది.

అయితే ఈ చరిత్రలో అసలు మలుపు ఒక విశ్వవిద్యాలయంలో కాక, ఆ విద్యావ్యవస్థనే తప్పుపట్టిన ఇవాన్ ఇల్లిచ్ అనే మతాచార్యుడి దగ్గర వచ్చింది. 1956లో న్యూయార్క్‌లోని ప్యూర్టోరికో వలసదారులతో మాట్లాడవలసిన చర్చి సిబ్బందికి త్వరగా స్పానిష్ నేర్పవలసి వచ్చినప్పుడు, ఇల్లిచ్ మిత్రుడొకడు రేడియోలో ప్రకటన ఇచ్చి, వచ్చిన కుర్రవాళ్ళలో నాలుగు డజన్లమందిని ఎంచుకున్నాడు. వారిలో బడి మానేసినవారు చాలామంది ఉన్నా, దౌత్యశాఖ పాఠ్యపుస్తకాన్ని వాడటం వారం రోజుల్లో నేర్చుకొని, ఒక్కొక్కరు నలుగురికి బోధించారని ఇల్లిచ్ తరువాత రాశాడు. పట్టాలేని మనిషి భాష నేర్పగలడన్న ఈ అనుభవంతో ఆయన 1961లో మెక్సికోలోని కుయెర్నవాకా పట్టణంలో ఒక కేంద్రం స్థాపించాడు. లాటిన్ అమెరికాకు పెద్ద ఎత్తున మతప్రచారకులను పంపాలని వాటికన్ పిలుపునిచ్చిన ఏడాది అది. వారికి స్పానిష్ నేర్పుతూనే, వారు అక్కడికి రావడం మంచిదేనా అని ప్రశ్నించడం ఇల్లిచ్ ఉద్దేశం. పరాయి దేశపు పేదలను ఉద్ధరించడానికి వచ్చే యువ స్వచ్ఛందసేవకులను 1968లో ఒక ప్రసంగంలో ఆయన నిర్దాక్షిణ్యంగా ఖండించాడు. అయినా కేంద్రం నడిచింది ఎక్కువగా భాషా తరగతుల ఫీజుల మీదే. ఈ వైరుధ్యం ఆయనకు తెలియనిదేమీ కాదు.

1976లో ఆ కేంద్రం మూతపడగానే అక్కడి ఉపాధ్యాయులు సొంతంగా బడులు పెట్టుకోవడంతో కుయెర్నవాకా స్పానిష్ పాఠశాలల ఊరుగా స్థిరపడింది. విద్యార్థులకు గదీ మూడు పూటలా భోజనమూ ఇచ్చే ఇళ్ళు ఆ వ్యాపారంలో విడదీయరాని భాగమయ్యాయి. పట్టాలేని కుర్రవాడు గురువైనప్పుడు, భోజనం ముగిశాక బల్ల దగ్గరే కూర్చొని గంటసేపు కబుర్లాడే గృహిణి కాకపోవడానికి కారణం కనిపించదు. ఒకప్పుడు సంస్కర్తలు నిరసించిన పత్రోనా ఈ విధంగా భాషాబోధనలో సగం భారం మోసేదిగా తిరిగి వచ్చింది. ఆమెకు ముట్టే సొమ్ము మాత్రం ఇప్పటికీ బోధన రుసుము కాదు. బసకూ భోజనానికీ చెల్లించేదే.

గ్వాటెమాలాలోని అంతీగువా పట్టణంలో ఈ పద్ధతి మరో రూపం తీసుకొంది. ఒక విద్యార్థికి ఒక ఉపాధ్యాయుడు, ఉండటానికి ఒక కుటుంబం అన్నది అక్కడి ఏర్పాటు. అక్కడి పాత పాఠశాలల్లో ఒకటైన ఫ్రాన్సిస్కో మర్రొకీన్ భాషా సంస్థ, విదేశీయులకు స్పానిష్ నేర్పి సంపాదించిన సొమ్మును మాయా భాషలు మాట్లాడేవారిని భాషాశాస్త్రంలో శిక్షణనిచ్చి తీర్చిదిద్దడానికి వెచ్చించింది. పాలకుల భాషగా శతాబ్దాలపాటు మాయా భాషలను అణచివేసిన స్పానిష్, వేసవి విద్యార్థుల పుణ్యమా అని, ఆ భాషల నిఘంటువులకూ వ్యాకరణాలకూ ఖర్చు పెట్టుకొంది. మాయా భాషలకు ఏకీకృత లిపిని గ్వాటెమాలా ప్రభుత్వం 1987లో అధికారికంగా గుర్తించేనాటికి, ఆ భాషల గురించి సాధికారంగా మాట్లాడగల మాయా పండితుల తరం ఒకటి తయారై ఉంది.