నెల తప్పిన కబురు

మా అమ్మమ్మ వాళ్ళింట్లో ఏ కోడలికి నెల తప్పినా ఆ సంగతి వీధి అరుగు మీద కూర్చున్న మామగారితో సహా అందరికీ తెలిసిపోయేది. ఇందులో మాయేం లేదు. ముట్టయితే మూడు రోజులు పెరటి వసారాలో వేరే చాపా, వేరే చెంబూ పెట్టుకుని కూర్చోవాలి కదా! ఆ నెల కూర్చోలేదంటే ఇంటిల్లిపాదీ వేళ్ళు మడిచి లెక్కపెట్టేవాళ్ళు. క్యాలెండరుతో పనిలేదు. "పోయిన అమావాస్యకి బయటుంది, ఇంకా చేరలేదేం?" అని అత్తగారు అడిగేసరికి, పాలు పోసే ఆవిడకి కూడా జవాబు తెలిసిపోయి ఉండేది.

గుడివాడ దగ్గర ఆ పెరటి వసారా నాకు న్యూజెర్సీలో గుర్తొచ్చింది, 2003లో, బాత్రూం తలుపు గడియ పెట్టుకుని మందుల షాపులో కొన్న పెట్టె విప్పుతుంటే. తలుపవతల మా వారికి కూడా ఇంకా తెలీదు. ఆ మూడు నిమిషాల తర్వాత తెలియబోయే సంగతి ముందు నా ఒక్కదానికే తెలుస్తుంది. అమ్మమ్మకి దొరకనిది నాకెలా దొరికిందా అని తర్వాత పుస్తకాలు వెతికితే, కథ మా ఇంటి దగ్గరికే వచ్చి ఆగింది.

మొదట్లో ఈ పరీక్షకి ప్రాణాలు బలయ్యేవి. 1920ల చివర బెర్లిన్‌లో అష్‌హైమ్, జోండెక్ అనే డాక్టర్లు ఆడమనిషి మూత్రాన్ని చిట్టెలుకలకి ఎక్కించి, కొన్ని రోజులాగి, కోసి అండాశయాలు చూసేవాళ్ళు. 1931లో పెన్సిల్వేనియాలో ఫ్రీడ్‌మన్ ఎలుక బదులు కుందేలుని వాడాడు. "కుందేలు చచ్చింది" అంటే కడుపొచ్చిందని ఇక్కడి పాతకాలం వాళ్ళు అనుకునేవారట. నిజానికి కడుపున్నా లేకపోయినా కుందేలు చావాల్సిందే, కోస్తేగానీ తెలియదు మరి. దక్షిణాఫ్రికా కప్ప వచ్చాక కాస్త నయం. మర్నాటికి గుడ్లు పెడితే ఉన్నట్టు. కప్ప బతికే ఉండేది, మళ్ళీ పనికొచ్చేది. 1960లో స్వీడన్‌లో జంతువులతో పనిలేకుండా, హెచ్‌సీజీ అనే హార్మోనుని పరీక్షనాళికలోనే పసిగట్టే పద్ధతి కనిపెట్టారు. అయినా ఆ నాళిక ల్యాబులో ఉండేది, ఫలితం డాక్టరు చేతికి వెళ్ళేది. అమెరికా ఆడవాళ్ళకీ ఒక పెరటి వసారా ఉండేదన్నమాట, దాని పేరు డాక్టరుగారి వెయిటింగ్ రూం.

ఇక మా ఇంటికి అరగంట దూరంలో ఉన్న వెస్ట్ ఆరెంజ్. 1967లో అక్కడ ఆర్గనాన్ అనే మందుల కంపెనీలో మార్గరెట్ క్రేన్ అనే 26 ఏళ్ళ అమ్మాయి సౌందర్య సాధనాల డబ్బాలకి డిజైన్లు వేసేది. ఒకరోజు ల్యాబులో వరసగా వేలాడుతున్న నాళికలు, వాటి కింద అద్దం చూసింది. నాళిక అడుగున ఎర్రటి వలయం అద్దంలో కనబడితే కడుపు ఉన్నట్టని చెప్పారట. ఈపాటి దానికి డాక్టరెందుకు, ఎవరింట్లో వాళ్ళే చూసుకోవచ్చు కదా అనిపించింది ఆవిడకి. పేపర్ క్లిప్పులు పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, నాళికా అద్దమూ ఇమిడేలా నమూనా తయారుచేసింది. పైవాళ్ళు మొదట ఒప్పుకోలేదు, డాక్టర్లకి కోపమొస్తుందని భయం. పేటెంటు 1971లో ఆవిడ పేరునే వచ్చింది. ఒక్క డాలరుకి హక్కులు రాసిచ్చింది, ఆ డాలరు కూడా చేతికి రాలేదంది! ఆ ఏడే కెనడాలో అమ్మకానికి పెట్టారు. అమెరికా షాపుల్లోకి 1977 చివరికి ఈ.పీ.టీ. అనే పేరుతో ఇంటి పరీక్ష వచ్చింది. ధర పది డాలర్లు, రెండు గంటలు కదపకుండా ఉంచాలి. ఉందంటే నూటికి 97 పాళ్ళు నిజం, లేదంటే మాత్రం 80 పాళ్ళే. నిమిషాల్లో గీత చూపించే పుల్ల 1988లో వచ్చింది. క్రేన్ నమూనాని 2015లో వేలానికి పెడితే స్మిత్సోనియన్ మ్యూజియం కొనుక్కుంది.

ఆ "లేదు" సంగతి ఇప్పటికీ జాగ్రత్తగానే చూడాలి. పిండం గర్భసంచిలో అంటుకున్నాకగానీ హెచ్‌సీజీ పుట్టదు. తర్వాత రెండు మూడు రోజులకోసారి రెట్టింపవుతుంది. అందుకే ముట్టు రావలసిన రోజు దాటి వారం ఆగి, పొద్దున్నే మొదటి మూత్రంతో చూసుకుంటే జవాబు గట్టిది. లేదని వచ్చి, ముట్టూ రాకపోతే ఇంకో వారానికి మళ్ళీ చూడాలి. ప్రయాణాలు, దిగులు, బరువులో మార్పు, థైరాయిడ్, ఇవన్నీ నెల జరిపేవే. ఉందని వచ్చాక ఒక పక్క పొత్తికడుపు నొప్పి, రక్తం కనబడితే మాత్రం ఆగకూడదు, డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే.

నేను వారం ఆగలేదు, రెండో రోజే చూసుకున్నాను. రెండో గీత పలచగా, ఉందా లేదా అన్నట్టు వచ్చింది. పలచనైనా గీత గీతేనని పెట్టెలో కాగితం చెప్పింది. తలుపు తీసి మా వారికి చూపించాను. ఆరు రోజులు పేర్లు అనుకున్నాం. ఏడో రోజున ముట్టొచ్చేసింది. మొదట్లోనే నిలవకుండా పోయేవి చాలా ఉంటాయనీ, నా తప్పేం కాదనీ డాక్టరమ్మ చెప్పింది. అమ్మమ్మకి ఇలా ఎన్నిసార్లయ్యాయో! వారం ఆలస్యంగా బయట చేరిందనుకుని, చాప పరిచి ఉంటారు.

ఆదివారం ఫోన్ కార్డు గీకి అమ్మకి చేశాను. "ఏమైనా విశేషమా?" అంది ఎప్పటిలాగే.

"ఏం లేదమ్మా. ఈ నెల కొంచెం ఆలస్యమైంది, అంతే."