ఇంట్లో దొంగ పడితే: 112కి ఫోన్ చేయాలా, ఆయుధం పట్టాలా?

మేడిపల్లి, పీర్జాదిగూడ, బోడుప్పల్ వైపు కాలనీలు ఏటా పెరుగుతున్నాయి. చాలా వీధుల్లో ఇళ్ల మధ్య ఇంకా ఖాళీ ప్లాట్లే. వరంగల్ హైవే మీద ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులతో ఏళ్ల తరబడి ట్రాఫిక్ తిప్పలు. అందుకే చాలా కుటుంబాల్లో ఒకటే అనుమానం: రాత్రి ఎవరైనా చొరబడితే పోలీసులు వచ్చేదాకా ఏం చేయాలి? ఇంట్లో ఆయుధం పెట్టుకోవచ్చా?

ముందు ఫోన్

పోలీసు, ఫైర్, అంబులెన్స్ మూడింటికీ 112 ఒకటే నంబర్. ఫోన్ ఎత్తగానే ముందు అడ్రస్ చెప్పాలి: కాలనీ, వీధి, ఏ మసీదు పక్కన, ఏ స్కూల్ వెనక. లైన్ కట్ అయినా బండి బయల్దేరుతుంది. పిల్లలకూ, పెద్దవాళ్లకూ ఈ అడ్రస్ నోటికి వచ్చేలా నేర్పాలి.

చట్టం ఏమంటుంది?

2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. ఆత్మరక్షణ హక్కు అందులో 34 నుంచి 44 సెక్షన్లలో ఉంది. మన ప్రాణం, సొత్తే కాదు, పక్కవాళ్లవి కాపాడటానికీ ఈ హక్కు ఉంది. దోపిడీ జరుగుతున్నా, సూర్యాస్తమయం తర్వాత ఇల్లు పగలగొట్టి చొరబడినా 41వ సెక్షన్ ప్రకారం ఈ హక్కు దుండగుడి ప్రాణం పోయేదాకా కూడా వెళ్లొచ్చు.

కానీ 37వ సెక్షన్ హద్దు గీసింది. పోలీసుల సాయం తీసుకునేంత టైమ్ ఉంటే ఈ హక్కు లేదు. అవసరానికి మించి కొట్టకూడదు. దొరికిన దొంగను కట్టేసి చితకబాదితే అది ఆత్మరక్షణ కాదు, మన మీదే కేసు. పట్టుకున్నవాణ్ణి ఆలస్యం చేయకుండా, ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి.

తుపాకీ సంగతి

ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్స్ లేని తుపాకీ నేరమే. 2019 సవరణ తర్వాత దీనికి రెండు నుంచి ఐదేళ్ల జైలు. ఆత్మరక్షణ కోసమే కొన్నామన్నా చెల్లదు. లైసెన్స్ కావాలంటే 21 ఏళ్లు నిండాలి, పోలీసు విచారణ ఉంటుంది. వంటింటి కత్తికి లైసెన్స్ అక్కర్లేదు. తల్వార్ పట్టుకుని వీడియో పెడితే మాత్రం ఠాణా మెట్లెక్కాల్సి రావచ్చు.

బేగంపేటలో ఏం జరిగింది?

2024 మార్చిలో రసూల్‌పురాలో ఇద్దరు దుండగులు కొరియర్ పేరుతో ఓ ఇంట్లోకి చొరబడ్డారు. వాళ్ల దగ్గర నాటు తుపాకీ ఉంది. ఇంట్లో ఉన్న తల్లీకూతుళ్ల చేతిలో ఏ ఆయుధమూ లేదు. అయినా తిరగబడి, కేకలు వేశారు. చుట్టుపక్కలవాళ్లు చేరి ఒకణ్ణి పట్టుకున్నారు. తర్వాత రెండోవాడూ దొరికాడు. పోలీసులు వాళ్లిద్దరినీ సన్మానించారు. ఆ రోజు ఆదుకున్నది వాళ్ల ధైర్యం, పొరుగువాళ్ల పరుగు.

ఇవాళే చేయాల్సినవి

• కొరియర్ అన్నా, గ్యాస్ అన్నా గ్రిల్ తాళం తీయకుండానే మాట్లాడాలి.
• లోపలి గడియ ఉన్న ఒక గదిని అందరికీ చెప్పి ఉంచాలి. చప్పుడైతే అందరూ అందులోకి వెళ్లి 112కి ఫోన్ చేయాలి.
• మతం చూడకుండా ఇరుగుపొరుగు నాలుగిళ్ల నంబర్లు దగ్గరుంచుకోవాలి.
• పెళ్లికో, ఉమ్రాకో ఇంటికి తాళం వేసి వెళ్తే స్థానిక ఠాణాలో చెప్పి వెళ్లాలి.

సొమ్ము పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. దారి ఉంటే దొంగను పారిపోనివ్వాలి. దారి లేక ప్రాణం మీదికి వస్తేనే చేతికి దొరికిన దానితో తిరగబడాలి. అప్పుడు చట్టం మన వైపే ఉంటుంది.