వీధిలోంచి ఇంటి విలువ: అమెరికా గృహ రుణాల్లో బయటి తనిఖీ

తనఖాకు వచ్చే ఇల్లు ఎంత చేస్తుంది, ఏ స్థితిలో ఉంది అన్నది తేల్చుకోకుండా ఏ బ్యాంకూ గృహ రుణం మంజూరు చేయదు. అప్రైజర్ లోపలికి వెళ్లకుండా వీధిలోంచే ఇంటిని చూసి, మిగతా వివరాలను రికార్డుల నుంచి తీసుకుని విలువ కట్టడాన్ని బయటి తనిఖీ అంటారు. అమెరికాలో దీని వాడుక పేరు ‘డ్రైవ్-బై’. ఇది 1990లలో ఒక పద్ధతిగా స్థిరపడింది. ఇంటితో పాటు వీధినీ తూచి రుణం నిర్ణయించే అలవాటు మాత్రం మహామాంద్యం నాటిది.

అంతకు ముందు రుణాలు మూడు నుంచి ఐదేళ్ల గడువుకే దొరికేవి. అసలు మొత్తం చివర్లో ఒక్కసారిగా కట్టాలి. మాంద్యంలో ఆ ఏర్పాటు కుప్పకూలింది. 1933లో ఏర్పడిన హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ దాదాపు పది లక్షల తనఖాలను తిరగరాసింది. ఆ తర్వాత రెండు వందలకు పైగా నగరాల్లో పేటలను నాలుగు తరగతులుగా విడదీసి పటాలు గీయించింది. అన్నిటికన్నా కింది తరగతికి ఎరుపు రంగు. 1934లో వచ్చిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ ఇరవై ఏళ్ల గడువుతో, ఇంటి విలువలో 80 శాతం వరకు ఇచ్చే రుణాలకు బీమా కల్పించింది. అంత దీర్ఘకాలం హామీ ఉండాలంటే ఈనాటి ధర ఒక్కటీ చాలదు, ఆ పేట రేపు ఎలా ఉంటుందో కూడా చూడాలన్నది దాని వాదన. ఫ్రెడరిక్ బాబ్‌కాక్ ఆధ్వర్యంలో తయారైన ‘అండర్‌రైటింగ్ మాన్యువల్’ ఆ చూపుకు నియమాలు రాసింది. పునాది, కప్పు, గదుల అమరికతో పాటు చుట్టుపక్కల ఎవరుంటున్నారన్నదీ మార్కుల్లో చేరింది. నల్లజాతివారు దగ్గర్లో ఉండటం రుణానికి ప్రమాదమని ప్రభుత్వ పత్రమే చెప్పింది.

ఆ నియమం ఎంత దూరం పోయిందో డెట్రాయిట్‌లో ఈనాటికీ కనిపిస్తుంది. నల్లజాతివారి పేటను ఆనుకుని తెల్లవారికి ఇళ్లు కట్టాలనుకున్న ఒక బిల్డర్‌కు మొదట రుణ బీమా దొరకలేదు. రెండు పేటల మధ్య 1941లో సుమారు ఆరడుగుల ఎత్తున, అర మైలు పొడవున కాంక్రీటు గోడ కట్టాక దొరికింది. ఇల్లూ, నేలా మారలేదు. మారింది అధికారి కంటికి ఆనే దృశ్యం ఒక్కటే. ఆస్తి పరిశీలన పేరుతో మనుషులను వెలివేసిన అన్యాయం ఇది. అలాంటి వివక్షను చట్టం నిషేధించింది 1968లో, ఫెయిర్ హౌసింగ్ యాక్ట్‌తో.

1980లలో పొదుపు, రుణ సంస్థలు వరసగా దివాలా తీసినప్పుడు నాసిరకం మదింపులు కూడా కారణాల్లో ఒకటిగా తేలాయి. దాంతో 1989 చట్టం అప్రైజర్లకు రాష్ట్రాల లైసెన్సు తెచ్చింది. 1995లో, బ్యాంకుల నుంచి గృహ రుణాలను కొనే రెండు పెద్ద సంస్థల్లో ఫ్యానీ మే ‘డెస్క్‌టాప్ అండర్‌రైటర్’ను, ఫ్రెడ్డీ మ్యాక్ ‘లోన్ ప్రాస్పెక్టర్’ను ప్రవేశపెట్టాయి. దరఖాస్తుదారు పరపతిని, ఆదాయాన్ని కంప్యూటరే తూచి, గట్టి దరఖాస్తులకు లోపలి తనిఖీ అక్కర్లేదని చెప్పడం మొదలైంది. బయటి తనిఖీకి ఫారం 2055 వచ్చింది. విలువ కట్టకుండా ఇంటి స్థితి మాత్రమే చూసే ఫారం 2075 కూడా వచ్చింది.

ఫారం 2055 ప్రకారం అప్రైజర్ కనీసం వీధిలోంచి ఇంటిని చూడాలి, పేటంతా పరిశీలించాలి, పోలికకు తీసుకున్న అమ్మకాల ఇళ్లనూ వీధిలోంచైనా చూడాలి. ఇంటి ముఖభాగం, వీధి ఫొటోలు జతచేయాలి. గదుల సంఖ్య, లోపలి వైశాల్యం కౌంటీ పన్ను రికార్డుల నుంచో, పాత అమ్మకపు ప్రకటనల నుంచో, మునుపటి అప్రైజల్ నుంచో వస్తాయి. నమ్మదగిన సమాచారం దొరకకపోతే ఈ ఫారం వాడకూడదు. కప్పు పలకలు ఊడితే, గోడ పెచ్చులు రాలితే వీధిలోంచి తెలుస్తుంది. వెనకవైపు పునాది కుంగినా, వంటగదిలో పైపు కారి నేల కుళ్లినా తెలియదు. అప్పుడు లోపలి స్థితి ఫలానా విధంగా ఉందనుకుని విలువ కట్టాల్సి వస్తుంది. ఈ పద్ధతికి ప్రాణం ఆ ఊహే, ప్రమాదమూ అక్కడే.

2008 సంక్షోభం తర్వాత చట్టం ఆ ఊహకు హద్దు గీసింది. వడ్డీ రేటు మామూలుకన్నా ఎక్కువగా ఉండే రుణాల్లో, కొన్ని మినహాయింపులు పోగా, అప్రైజర్ స్వయంగా లోపలికి వెళ్లి చూడటం 2014 జనవరి నుంచి తప్పనిసరైంది. చిన్న రుణాలకు మాత్రం సడలింపు మిగిలింది. పూర్తి అప్రైజల్ అక్కర్లేని పరిమితిని బ్యాంకుల నియంత్రణ సంస్థలు 2019లో 2,50,000 డాలర్ల నుంచి 4,00,000 డాలర్లకు పెంచాయి. ఇంటి మీద తీసుకునే రెండో రుణాల్లో బయటి తనిఖీ ఇప్పటికీ సాధారణమే.

2020 మార్చిలో కోవిడ్ తలుపులు మూయించింది. అప్పుడు ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ కొనుగోలు రుణాలకూ బయటి తనిఖీని, అసలు ఇంటికే వెళ్లని డెస్క్‌టాప్ అప్రైజల్‌ను తాత్కాలికంగా అనుమతించాయి. 2021 మే చివరికి ఆ వెసులుబాటు ముగిసింది. 2022లో శాశ్వత స్థానం దక్కింది డెస్క్‌టాప్ పద్ధతికే, అదీ లోపలి గోడలతో సహా ఇంటి ఫ్లోర్ ప్లాను జతచేయాలన్న షరతుతో. ఈ రెండు సంస్థలు రూపొందించిన కొత్త నివేదికలో బయటి తనిఖీకి విడి ఫారం ఉండదు. తనిఖీ ఏ పద్ధతిలో జరిగిందో అప్రైజర్ ఒకే నివేదికలో నమోదు చేస్తారు. దీన్ని తప్పనిసరి చేసే తేదీగా 2026 నవంబరు 2ను ప్రకటించారు.