అదనపు గంటకు ధర కట్టిన కథ

బొంబాయి నూలు మిల్లుల్లో ఒకప్పుడు పొద్దే గడియారం. తెల్లవారితే యంత్రం కదిలేది, చీకటి పడితే ఆగేది. వేసవిలో 14 గంటల దాకా పని. తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు కూడా ఆ మిల్లుల్లో నేతపని చేసినవాళ్లే.

1881లో తొలి ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. పెద్దవాళ్ల పనిగంటల జోలికే పోలేదది. ఏడేళ్లు నిండని పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదు, పన్నెండేళ్ల లోపు వాళ్లచేత రోజుకు 9 గంటలకు మించి చేయించకూడదు, అంతే. దాని వెనకా లాంకషైర్ మిల్లు యజమానుల ఒత్తిడి ఉంది. బొంబాయి బట్ట చవగ్గా రావడం వాళ్లకు గిట్టలేదు మరి!

కార్మికుల గొంతు వినిపించింది 1884లో. కార్మిక నాయకుడు నారాయణ్ మేఘాజీ లోఖండే సభలు పెట్టి, 5,500 మంది సంతకాలతో మహజరు తయారుచేయించాడు. ఆదివారం సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం, పొద్దుగూకగానే పని బంద్: ఇవీ అందులోని కోరికలు. సెలవు ఒక్కదానికే ఆరేళ్లు పట్టింది. 1890లో యజమానులు ఒప్పుకున్నారు.

ఈలోగా మిల్లుల్లోకి కరెంటు దీపాలొచ్చాయి. సూర్యుడు పెట్టిన హద్దు చెరిగిపోయింది. 1905లో పని 15 గంటలకు చేరేసరికి కార్మికులు తిరగబడ్డారు. మగవాళ్ల పనికి 12 గంటల హద్దు 1911 చట్టంతో గానీ రాలేదు, అదీ బట్టల మిల్లుల వరకే.

1922లో వారానికి 60 గంటలు, 1934లో 54. వైస్రాయ్ కౌన్సిల్‌లో అంబేడ్కర్ కార్మిక శాఖ చూస్తున్న కాలంలో ముందుకొచ్చిన 48 గంటల ప్రతిపాదన 1946లో చట్టమైంది. ఓవర్‌టైమ్ రేటూ అలాగే పెరిగింది. 1922లో మామూలు కూలికి ఒకటింబావు రెట్లు. 1948 చట్టం నాటికి రెట్టింపు. గంటలు తగ్గించడం కంటే ఈ రెట్టింపే యజమాని చేతిని ఎక్కువగా కట్టేసిందనాలి.

అయితే ఆ రెట్టింపు సూపర్‌వైజర్ కుర్చీ దాకా రాలేదు. 1948 చట్టమే ఆ మినహాయింపుకు దారి వదిలింది. తర్వాతి మార్పులూ ఓవర్‌టైమ్‌ను తీసేయలేదు. 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటలు పని చేయించుకోవచ్చంది. వారానికి 48 దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలంది. అదే ఏడాది నవంబరులో అమల్లోకొచ్చిన కేంద్ర కార్మిక కోడ్ కూడా రెట్టింపు వేతనాన్ని ఉంచింది. కానీ నెలకు 18,000 రూపాయలకు మించి జీతం తీసుకునే సూపర్‌వైజర్ ఆ కోడ్ లెక్కలో కార్మికుడే కాడు.