నీరుగంటి లేని నీళ్ళు



బెంగళూరులో కంఠీరవ స్టేడియం వైపు వెళ్ళినవారు అక్కడ ఒక చిన్న నీటి కుంటను చూసే ఉంటారు. ఒకప్పటి సంపంగి చెరువులో మిగిలింది అంతే. కరగ ఉత్సవం జరిపే తిగళ సముదాయం వారు పూజకు నేటికీ అక్కడికి వస్తారు. ఆ చెరువు చుట్టుపక్కల పూలు, ఆకుకూరలు, కాయగూరలు పండించి ఊరికి పెట్టినవారు వారే. తోటలు పోయాయి, చెరువు పోయింది, పూజ మిగిలింది.

1537లో కెంపేగౌడ బెంగళూరు కోట కట్టించినప్పుడు దగ్గరలో జీవనది లేదు. వానే ఆధారం. అందుకే ధర్మాంబుధి, కెంపాంబుధి వంటి చెరువులు వెలిశాయి. ఈ సీమలో ఒక చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు దిగువ చెరువుకు చేరేది. కోలారు, చిత్తూరు, అనంతపురం ప్రాంతాల్లో మీరెరిగిన గొలుసుకట్టు చెరువుల పద్ధతే ఇది.

చెరువుకు నీరుగంటి ఉండేవాడు. తూము ఎప్పుడు తీయాలి, ఎవరి మడికి ఎంతసేపు పారించాలి అన్నది అతని పని. పెద్దల పొలాలకే ముందు పారిన ఊళ్ళూ లేకపోలేదు. అయినా అందరి కళ్ళెదుట ఉన్న నీరు కాబట్టి దానికొక లెక్క ఉండేది. బావుల దగ్గర కపిల ఉండేది. ఎద్దులు వాలులోకి దిగితే తోలు బాన పైకి వచ్చేది. అంత కష్టపడి తోడిన నీటిని కాలువ గట్టు తెగి పోతుంటే ఎవరూ చూస్తూ ఊరుకునేవారు కాదు.

1809లో ఇంగ్లీషువారి దండు వచ్చింది. కోసు, క్యారెట్, బీన్స్ వంటి కూరలకు గిరాకీ పెరిగింది. 1890లలో హెసరఘట్ట నుంచి గొట్టాల ద్వారా నీరు పట్టణానికి చేరింది. తాగునీరు దూరం నుంచి రావడంతో ఊళ్ళోని చెరువు మీద శ్రద్ధ తగ్గింది. ధర్మాంబుధి ఉన్నచోట ఈనాడు మెజెస్టిక్ బస్టాండు ఉంది. నగరం తినే కూరలు ఇప్పుడు కోలారు, చిక్కబళ్ళాపురం వైపు నుంచి కూడా వస్తున్నాయి. అక్కడ బోర్లు వెయ్యి అడుగులు దాటాయి. మీట నొక్కితే నీళ్ళు. నీరుగంటి లేడు, లెక్కా లేదు.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఎకరా నేలలో ఒక్క అంగుళం మందాన నీరు నిలపాలంటే సుమారు లక్ష లీటర్లు కావాలి. టమాటా మొక్కకు తడి కావలసింది వేరు దగ్గర. సాళ్ళ మధ్య తడిస్తే పెరిగేది కలుపే. అందుకే 1960లలో ఇజ్రాయెల్‌లో రూపుదిద్దుకున్న బిందు సేద్యం మన తోటలకూ వచ్చింది. 1967లో ఏర్పడిన భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ, అదే హెసరఘట్ట దగ్గర, కూరగాయలకు ఈ పద్ధతినీ, నేల మీద కప్పు పరచడాన్నీ రైతులకు చెబుతూ వస్తోంది. కప్పు ఉంటే తడి త్వరగా ఆవిరి కాదు.

అయితే ఒక మాట. బిందు సేద్యంతో మిగిలిన నీటితో మరో ఎకరం టమాటా వేస్తే బోరుకు మిగిలిందేమిటి? గొట్టం నీటిని సన్నగా వదలగలదు గాని, ఇక చాలు అని చెప్పలేదు. ఆ మాట చెప్పవలసింది మనిషే.

2018 నుంచి బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి కోలారు చెరువులకు పంపుతున్నారు. చెరువులు నింపి భూగర్భజలం పెంచాలన్నది ఉద్దేశం. శుద్ధి ఇంకా మెరుగు కావాలని అడిగేవారూ ఉన్నారు, అడగడం న్యాయమే. కానీ చెరువులో ఇంకిన నీరు నా బోరులోకే వస్తుందో, పక్కవాడి బోరులోకి పోతుందో నేలకు తెలియదు. కనిపించని ఆ చెరువు కూడా ఊరందరిదీ.

కాబట్టి శ్రోతలారా, ఈసారి నారు పోసే ముందు మీ బోరు గంటకు ఎన్ని నీళ్ళు ఇస్తుందో ఒక డ్రమ్ము పెట్టి కొలవండి. దాన్నిబట్టి ఎన్ని సాళ్ళు వేయాలో నిర్ణయించండి. పక్క పొలం వారితోనూ ఆ లెక్క మాట్లాడండి. ఊరికి నీరుగంటి మళ్ళీ రాకపోవచ్చు. అతని పని మాత్రం మనం చేయగలం.

సెలవు.