అరువుకొచ్చిన రాగిరేకులు

రాజులు భూమి దానం చేసినప్పుడు ఆ మాట రాగిరేకుల మీద చెక్కించి, దానం పుచ్చుకున్నవారి చేతికి ఇచ్చేవారు. మూడో అయిదో రేకులు, ఒక్కో రేకుకు ఎడమ పక్కన ఒక బెజ్జం, ఆ బెజ్జాలన్నిటి గుండా దూర్చిన రాగి కడియం, కడియం కొసలు కలిసే చోట ముద్ర. తూర్పు చాళుక్యుల ముద్ర మీద వరాహం, అంకుశం, సూర్యచంద్రులు, శ్రీ త్రిభువనాంకుశ అనే అక్షరాలు ఉంటాయి. రేకుల అంచులు కాస్త పైకి లేచి ఉంటాయి కాబట్టి ఒకదానిమీద ఒకటి పేర్చినా అక్షరాలు ఒరుసుకోవు. రాతి మీది శాసనం గుడిలోనో ఊరి నడుమో నిలబడి ఉంటుంది, దారిన పోయేవారెవరైనా చూడవచ్చు. రాగిశాసనం మాత్రం ఇంటి సొత్తు. ఇంటివాళ్లు పెట్టె తెరిచి ఇస్తేనే దాన్ని ఎవరైనా చదవగలిగేది.

ఆంధ్రదేశ చరిత్రలో ఎంత భాగం ఇలాంటి రేకుల మీద నిలబడిందో చెప్పడానికి రెండు ఊళ్ల పేర్లు చాలు. నందంపూడి శాసనం రాజరాజనరేంద్రుడు తన 32వ పాలనా సంవత్సరంలో నారాయణభట్టుకు ఇచ్చిన దానపత్రం. దాన్ని రచించినవాడిగా అందులో నన్నయ పేరు ఉంది. భారతంలో నన్నయ తనకు తోడునిలిచాడని చెప్పుకున్న నారాయణభట్టును, ఆ కాలపు రాగిరేకు మీదే నన్నయ పేరు పక్కన చూడగలగడం తెలుగు సాహిత్యానికి దొరికిన అపురూపమైన సాక్ష్యం. కోనసీమలోని విలస రేకులు దొరక్కపోతే కాకతీయ రాజ్యం కూలిన తర్వాతి సంవత్సరాల గురించి, ముసునూరి ప్రోలయ నాయకుడి గురించి తెలిసేది చాలా కొద్ది. మల్లంపల్లి సోమశేఖరశర్మ, నేలటూరి వెంకటరమణయ్య కలిసి ఆ రేకులను పరిష్కరించారు. ఏ కంచరి కొలిమిలోనో కరిగి బిందె అయిపోయి ఉంటే ఆ అధ్యాయం ఖాళీగానే మిగిలేది.

రేకులు చేయి దాటించడానికి ఇంటివాళ్లు వెనుకాడటంలో న్యాయం ఉంది. అది వాళ్ల భూమికి పత్రం. తాతముత్తాతల నుంచి భోషాణంలోనో దేవుడి గదిలోనో ఉంటూ వచ్చిన వస్తువు. పసుపు కుంకాలు పెట్టి పూజించిన ఇళ్లూ ఉన్నాయి. లిపి మారిపోయింది కనుక అందులో ఏముందో ఆ ఇంట్లో చదవగలవారు ఉండేవారు కాదు. చదవలేని పత్రాన్ని చదవగల పరాయివాడి చేతిలో పెట్టడం చిన్న విషయం కాదు. అతడు ఏం చదివినా నమ్మాల్సిందే, ఏ రేకు మార్చినా పోల్చుకోవడం కష్టమే. రేకుల్లో నిధి జాడ రాసి ఉందన్న అనుమానం ఒకపక్క, అడుగుతున్నవాడు సర్కారు మనిషి అయితే పన్ను వేస్తాడన్న భయం ఇంకోపక్క.

ఈ భయాన్ని మొదట పెద్ద ఎత్తున ఎదుర్కొన్నవారు, ఊళ్ల కవిలెలు, శాసనాలు సేకరింపజేసిన కల్నల్ కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి సోదరులు. కావలి వెంకట బొర్రయ్య 1803లో చనిపోయాక తమ్ముడు లక్ష్మయ్య ఆ పని నడిపాడు. వాళ్లూ వాళ్ల కింది గుమాస్తాలూ ఊరూరా తిరిగి కరణాలను, అర్చకులను, అగ్రహారీకులను కలిసి కవిలెలు, శాసనాలు అడిగేవారు. శాసనాలకు నకళ్లు రాసుకునేవారు. మెకంజీ 1821లో మరణించాక హెచ్.హెచ్. విల్సన్ 1828లో అచ్చువేసిన పట్టికలో 8,076 శాసనాల లెక్క ఉంది. అంత పోగుపడటానికి మెకంజీ హోదా ఒక్కటే కారణం కాదు. అడగడానికి వచ్చినవాడు తెలుగు మాట్లాడేవాడు, ఆచారం తెలిసినవాడు, ఎవరి ఇంట ఎక్కడ కూర్చోవాలో ఎరిగినవాడు కావడం అంతకంటే పెద్ద కారణం.

మెకంజీ తర్వాత రెండు మార్పులు రాగిరేకుల దశను తిప్పాయి. 1858లో మద్రాసు రాజధానిలో ఈనాం కమిషన్ ఏర్పడి పాత దానాలను విచారించి, నిలబడిన వాటికి సర్కారు పట్టాలు ఇచ్చింది. అప్పటి నుంచి భూమికి ఆధారం కాగితం అయింది. రేకు పూజలో మిగిలింది, లేదా మరుగున పడింది. భూమి పోతుందన్న భయం సన్నగిల్లినందువల్లే ఆ తర్వాతి తరం రేకులు ఇవ్వడానికి ముందుకు వచ్చిందని అనుకోవచ్చు. అదే మార్పు వల్ల అవసరం తీరిన రాగిగా కొన్ని రేకులు కరిగిపోయి ఉంటాయి కూడా. రెండోది 1878 నాటి నిధుల చట్టం. పది రూపాయలకు మించిన విలువగల వస్తువు భూమిలో దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని అది విధించింది. దాంతో దుక్కిలో నాగలికి తగిలిన రేకులకు ఒక దారి, ఇంట్లో వారసత్వంగా వచ్చిన రేకులకు ఇంకో దారి ఏర్పడింది. మొదటివి చట్టం వల్ల వచ్చేవి, రెండోవి మర్యాద వల్ల రావాల్సినవి.

1886లో ఎయిగెన్ హుల్ట్ష్ మద్రాసు ప్రభుత్వ శాసన పరిశోధకుడిగా నియమితుడయ్యాక, చదవడానికి రేకులు అరువు పుచ్చుకుని తిరిగి ఇచ్చే పనికి ఒక పద్ధతి కుదిరింది. రేకులున్న సంగతి సాధారణంగా తహసీల్దారుకో, స్కూలు పంతులుకో, ప్లీడరుకో ముందు తెలిసేది. ఆ పెద్దమనిషి ఇంటివాళ్లతో మాట్లాడి, తాను పూచీగా ఉండి రేకులు పంపేవాడు. పరిశోధకుడిని ఇంటివాళ్లు ఎరగరు, మధ్యవర్తిని ఎరుగుదురు. వారి నమ్మకం అంతా అతడి మీదే. డిప్యూటీ కలెక్టరుగా పనిచేసిన జయంతి రామయ్య పంతులు వంటివారు ఈ రెండు పాత్రలూ ఎరిగినవారు. రెవెన్యూ ఉద్యోగంలో ఊళ్లు తిరిగారు, తామే శాసనాలు పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా అనే శాసన పత్రికలో ప్రకటించారు.

రేకులు చేతికందాక మొదటి ప్రశ్న కడియం గురించి. రేకులను విడివిడిగా పరిచి అచ్చు తీయాలంటే కడియం కోయక తప్పదు. కోయని కడియం ఉంటే, ముద్ర వేసిన నాటి నుంచి ఒక్క రేకూ చేరలేదు, ఒక్కటీ తొలగలేదు అన్నమాట. కోస్తే ఆ సాక్ష్యం పోతుంది. అందుకే హుల్ట్ష్, ఆయన శిష్యుడు వెంకయ్య, తర్వాత కృష్ణశాస్త్రి తమ వ్యాసాల మొదట్లోనే ఆ సంగతి రాసేవారు: కడియం తమ దగ్గరికి వచ్చేసరికే తెగి ఉందా, తాము కోశారా, ముద్ర కడియానికి అంటుకునే ఉందా, రేకులెన్ని, కొలతలెంత, బరువెంత. చదివేవారికి ఇది పొడి వివరంగా తోస్తుంది. నిజానికి అది అరువు పుచ్చుకున్నవాడు అందరి ముందూ రాసి ఇచ్చిన రసీదు. తిరిగి అందిన రేకులను ఆ లెక్కతో పోల్చి చూసుకోవచ్చు.

అచ్చు తీయడంలోనూ జాగ్రత్త ఉండేది. ఇంట్లో రాగిచెంబు తోమినట్టు చింతపండుతో బరబరా రుద్దితే చిలుముతో పాటు సన్నని గీతలూ అరిగిపోతాయి. చిలుమును నెమ్మదిగా వదిలించి, పలచని కాగితం తడిపి రేకు మీద పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేలా అదిమి, కాస్త ఆరాక పైన సిరా అద్దుతారు. గుంటల్లోకి సిరా దిగదు. నల్లని కాగితం మీద తెల్లని అక్షరాలు లేస్తాయి. అచ్చు కుదిరిందంటే రేకుతో పని చాలావరకు తీరినట్టే, వెనక్కి పంపేయవచ్చు. ఏటా వెలువడే శాసన నివేదికల్లో ఆ ఏడు పరిశీలించిన రాగిశాసనాల పట్టిక విడిగా ఉండేది. ఏ రేకులు ఎవరివో, ఎవరి ద్వారా వచ్చాయో అందులో రాసేవారు.

తిరిగి ఇవ్వడంతో బాకీ తీరదు. ఇంటివాళ్లు అడిగేది ఒకటే: ఇందులో ఏముంది? తమ పూర్వీకుడి పేరు, గోత్రం, ఏ ఏటి పక్కన ఏ పొలం, ఎల్లలు ఏవి అన్నది విడమరచి చెప్పడమే పరిశోధకుడు ఇవ్వగల ప్రతిఫలం. వందల ఏళ్లుగా పూజలందుకున్న రేకు ఆ రోజు వాళ్ల ఇంట్లో మొదటిసారి నోరు విప్పుతుంది. అయితే చెప్పక తప్పని చేదు కూడా ఒకోసారి ఉంటుంది. రేకుల్లోని గోత్రం వేరు కావచ్చు, ఊరు వేరు కావచ్చు. శాసనమే దొంగది కావచ్చు. భూమి నిలుపుకోవడానికి తర్వాతి కాలంలో పాత రాజుల పేర్లతో పుట్టించిన రేకులు చాలా ఉన్నాయి, శాసన పండితుడు ఫ్లీట్ అలాంటి వాటిని ఏరి 1901లో ఒక పట్టికే ప్రకటించాడు. మొహమాటానికి పోయి కూటశాసనాన్ని అసలుదని రాస్తే చరిత్రకు ద్రోహం. ఆ సంగతి ఇంటివాళ్లకు ముందు చెప్పకుండా అచ్చులో పెడితే నమ్మి ఇచ్చినవారికి ద్రోహం. ఈ రెండింటినీ తప్పించుకున్నవారే మంచి పరిశోధకులు.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ పని తెలుగు సంఘాల చేతికి వచ్చింది. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు, 1922లో రాజమండ్రిలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి, ఆ దరిదాపుల్లోనే హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు పేరిట పరిశోధక మండలి పుట్టాయి. రాజమండ్రి మండలికి ప్రాణంగా నిలిచిన భావరాజు వెంకటకృష్ణారావు వృత్తిరీత్యా వకీలు. సంఘాల రాకతో అడిగేవాడూ ఇచ్చేవాడూ ఒకే భాషవారయ్యారు. అందులో ఒక చిక్కూ ఉంది. సర్కారు ఆఫీసులో ఆవకజావక పుస్తకం ఉంటుంది. తెలిసినవాళ్ల మధ్య నోటిమాటే సరిపోతుంది. ఇచ్చినవారు పోయి, పుచ్చుకున్నవారు కూడా పోతే ఆ రేకులు ఎవరివో చెప్పేవారు ఉండరు. పండితుడి కాగితాల మధ్య మిగిలిపోయినవి, అన్నదమ్ముల వాటాల్లో తలా ఒక రేకుగా చీలినవి, తూకానికి పోయినవి ఇలాగే మాయమయ్యాయి.

1972 నాటి పురావస్తువుల చట్టం తర్వాత నూరేళ్లు దాటిన ఇలాంటి వస్తువును ఎవరూ సొంతంగా విదేశాలకు పంపడానికి వీల్లేదు. ఇప్పుడు రేకులు ఇల్లు కదలవలసిన అవసరమూ తగ్గింది. పరిశోధకుడే వచ్చి, వాకిట్లో వెలుతురు పక్కవాటుగా పడేచోట చాప పరిచి, ఇంటివాళ్ల కళ్లముందే ఫొటోలు తీసుకుని వెళ్లవచ్చు. కానీ వెనకటి వందేళ్లలో అచ్చైన శాసనాల్లో అసలు రేకులు ఎక్కడున్నాయో తెలియనివి తక్కువేమీ కావు. వాటికి అరువు నాటి సిరా అచ్చే మూలంగా మిగిలింది. ఎవరైనా వెతుక్కుంటూ బయలుదేరితే, వ్యాసం మొదటి పేరాలో రాసిన ఊరి పేరు, ఇంటాయన పేరు పట్టుకునే బయలుదేరాలి.