లారీ ఇంజిన్ శబ్దం వెనకున్న చరిత్ర: ఇందులో మన వాటా ఎంత?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మొన్న సెలవులకి హాస్టల్ నుంచి ఊరికి బయలుదేరాం. నర్సీపట్నంలో బస్సు తప్పిపోయింది. సంత సరుకుతో చింతపల్లి వెళ్తున్న పాత లారీ దొరికితే నలుగురం ఎక్కాం. లంబసింగి ఘాట్ ఎక్కుతుండగా ఇంజిన్‌లో సుత్తితో కొట్టినట్టు టక్ టక్‌మని శబ్దం మొదలైంది. డ్రైవర్ బాబాయ్ వెడల్పు చోటు చూసి పక్కకి ఆపాడు. క్లీనర్ మన కొండ కుర్రాడే, టెన్త్ పాసై చదువు మానేశాడు. చక్రాల కింద రాళ్లు పెట్టి పానాల పెట్టె తెచ్చాడు.

"ముందు ఇనండ్రా. సౌండు ఎక్కడినుంచి వస్తందో తెలిస్తే పానా తర్వాత పట్టుకుందురు" అన్నాడు బాబాయ్.

హాస్టల్‌కి తిరిగొచ్చాక ఆ శబ్దం గురించి లైబ్రరీలో వెతికాం. చదివినదీ, ఘాట్‌లో చూసినదీ కలిపి రాస్తున్నాం.

డీజిల్ అనేది ముందు ఒక మనిషి పేరు. రుడాల్ఫ్ డీజిల్ 1858లో పారిస్‌లో పుట్టిన జర్మన్ ఇంజినీరు. పెట్రోల్ ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించడానికి ప్లగ్ ఉంటుంది. డీజిల్ ఇంజిన్‌లో అది ఉండదు. గాలిని గట్టిగా కుదిస్తే వేడెక్కుతుంది, ఆ వేడికే నూనె అంటుకుంటుంది. 1893లో ఆగ్స్‌బర్గ్‌లో మొదటి ఇంజిన్‌ని పరీక్షించారు, 1897కి సరిగ్గా నడిచింది. అయితే నూనెని లోపలికి కొట్టడానికి విడిగా గాలి కంప్రెసర్ కావాలి. అంత బరువుతో ఫ్యాక్టరీలకి, ఓడలకి పనికొచ్చింది గానీ బండికి కుదరలేదు. 1920లలో జర్మనీలో డీజిల్ లారీలు వచ్చాయి. 1927లో బాష్ కంపెనీ నూనె కొట్టే పంపుల్ని పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టాక అవి బాగా పెరిగాయి.

శబ్దం ఈ ఇంజిన్‌కి పుట్టుకతో వచ్చింది. నాజిల్ నుంచి నూనె పడిన వెంటనే అంటుకోదు, రెప్పపాటు కన్నా తక్కువ ఆలస్యం ఉంటుంది. ఈలోపు పోగైన నూనె ఒక్కసారిగా మండితే టక్‌మంటుంది. పొద్దున్నే చల్లటి ఇంజిన్ ఎక్కువ మోగేది అందుకే. ఆ మామూలు మోత ఏది, జబ్బు మోత ఏది అని తేల్చుకోవడమే మెకానిక్ విద్య.

బాబాయ్ ముందు గేజు పుల్ల తీసి ఆయిల్ చూశాడు, తర్వాత ఆయిల్ ప్రెషర్ చూశాడు. ఆయిల్ లేకుండా ఇంజిన్ నడిపితే బేరింగ్‌లు పోతాయి. రెండూ బాగానే ఉన్నాయి. ఇంజిన్‌ని నిదానంగా తిరగనిచ్చి, ఒక కర్ర చివర ఇంజిన్ మీద ఆనించి రెండో చివర చెవికి పెట్టుకున్నాడు. పైనుంచి సన్నగా టిక్ టిక్‌మంటే టాపెట్ సందు పెరిగినట్టు. కిందనుంచి బరువుగా ధన్ ధన్‌మని, లోడ్ పడినప్పుడు పెరిగితే బేరింగ్ అరిగినట్టు.

తర్వాత నాజిల్ పైపుల నట్లు ఒక్కోటి వదులు చేసి మళ్లీ బిగించాడు. నట్టు వదిలితే ఆ సిలిండర్‌కి నూనె అందదు. మూడోది వదలగానే టక్ టక్ ఆగింది. అంటే లోపం మూడో సిలిండర్‌లో ఉంది. నాజిల్ పాడైందా, పిస్టన్, బేరింగ్ వైపు ఏమైనా అయ్యిందా? ఇంజిన్ ఆపి రెండో నాజిల్‌ని, మూడో నాజిల్‌ని ఒకదాని చోట ఒకటి బిగించాడు. మళ్లీ స్టార్ట్ చేస్తే శబ్దం రెండో సిలిండర్‌లోకి మారింది. నాజిల్‌తో పాటే శబ్దం వెళ్లింది కాబట్టి తప్పు నాజిల్‌దే. మెల్లగా చింతపల్లి చేరి, షెడ్డులో కొత్త నాజిల్ వేయించారు. తొందరపడి బేరింగ్ అనుకుని ఇంజిన్ విప్పి ఉంటే ఓనరు జేబు ఖాళీ అయ్యేది, పోయిందంతా క్లీనర్ మీద పడేది.

ఇప్పుడు మన వాటా సంగతి. మన దేశంలో టాటా మెర్సిడెస్ బెంజ్ లారీ 1954లో జంషెడ్‌పూర్‌లో బయటికొచ్చింది. ఆ ఊరు లేచింది హో, సంతాల్, ముండా ఆదివాసులు బతికే సింగ్‌భూమ్ నేల మీద. అక్కడి ఉక్కు ఫ్యాక్టరీకి మొదట్లో ఇనుప రాయి వచ్చింది మయూర్‌భంజ్‌లోని గోరుమహిసాని కొండ నుంచి, అదీ ఆదివాసుల కొండే. ఇక మన గూడెం కొండల రోడ్లు చూడండి. డిప్యూటీ తహసీల్దార్ బాస్టియన్ మన తాతల చేత వెట్టికి రోడ్డు పని చేయించాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొర దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడటానికి ఆ వెట్టి కూడా ఒక కారణం.

ఇనుము మన కొండలది, రోడ్డు మన చెమటది. లారీ ఎక్కాక మాత్రం మనవాళ్లు బస్తాలు మోసేవాళ్లుగా, క్లీనర్లుగానే మిగిలారు. డీజిల్ పేరు, బాష్ పేరు పుస్తకాల్లో ఉన్నాయి. చెవితో జబ్బు కనిపెట్టేవాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

ఇంకో మాట కూడా చెప్పాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్6 వచ్చింది. కొత్త లారీల్లో కామన్ రైల్ ఇంజిన్లు, కంప్యూటర్లు ఉంటాయి. వాటిలో నడుస్తున్న ఇంజిన్ పైపు నట్టు ఎప్పుడూ వదలకండి. ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది, చెయ్యి పోవచ్చు. అక్కడ స్కానర్ పెట్టి చూడాలి. చెవి విద్య ఒక్కటే ఉన్నవాళ్లని ఇక షెడ్డు బయటే నిలబెడతారు. అందుకే చెవీ కావాలి, చదువూ కావాలి. ఐటీఐలో మెకానిక్ డీజిల్ ట్రేడ్ ఒక్క ఏడాది, టెన్త్ పాసైతే చాలు.

దిగేటప్పుడు ఆ క్లీనర్ తమ్ముడు అడిగాడు, "అన్నా, నాకు సీటొస్తాదా?" అని. మేం డిగ్రీ చదువుతున్నాం. కానీ ఆరోజు ఘాట్‌లో మా నలుగురికన్నా వాడికే ఎక్కువ తెలుసు. వాడితో అప్లికేషన్ పెట్టించే పని మేం తీసుకున్నాం. మీ ఊళ్లో కూడా ఇలాంటి తమ్ముడు ఉంటాడు. ఒకసారి అడిగి చూడండి.

జై ఆదివాసీ.